తోరణం నకళ్లు చాలు, శిల్పుల్ని పిలవండి

సంపాదక మహాశయా,

2024 మేలో తెలంగాణ రాజముద్రలోంచి కాకతీయ తోరణం తీసేస్తారన్న వార్తకు ఎంత గొడవ జరిగిందో అందరికీ గుర్తే. అంత మమకారం ఉన్నవాళ్లం, ఆ తోరణం పేరుతో ఊళ్ల మొదట్లో కడుతున్న సిమెంటు కమాన్ల గురించి ఎందుకు నోరు మెదపం?

ఓరుగల్లు కోటలో అసలు తోరణం కింద నిలబడి తలెత్తి చూడండి. అడ్డదూలం నుంచి వేలాడే తామరమొగ్గలు, పైన కొసల్లో హంసలు. స్వయంభూ శివాలయం కూలిపోయినా నాలుగు దిక్కులా నాలుగు తోరణాలూ నిలిచాయి. మా దారిలో ఈమధ్య కట్టిన కమాను మీద మొగ్గలు సిమెంటు ముద్దలయ్యాయి, హంసలు ఏ పిట్టలో పోల్చుకోలేం. ప్రారంభోత్సవం అయిన మర్నాటి నుంచే ఫ్లెక్సీలు కట్టారు. మేస్త్రీని తప్పుపట్టను. ఫొటో చేతికిచ్చి, గడువు పెట్టి, అలాగే దించమంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

దించడం ఆపి, ఆ రూపాన్ని కొత్తగా ఆలోచించే పని శిల్పులకు ఇవ్వాలి. ఇటలీలోని సిపొంతోలో శిథిలమైన ప్రాచీన చర్చి ఉన్నచోట 2016లో ఎదోఆర్దో త్రెసోల్ది అనే శిల్పి ఇనుప తీగల వలతో దాని ఆకారాన్ని నిలబెట్టారు. స్తంభాలు, కమాన్లు అన్నీ ఉంటాయి, వాటిలోంచి ఆకాశం కనబడుతుంది. పాత కట్టడం ఎంత పెద్దదో తెలుస్తుంది, అది ఇక లేదనీ తెలుస్తుంది. ఫొటోల్లో చూసినా మనసు కదిలిపోతుంది.

గుడి గుర్తుతో ప్రయోగాలేమిటని కొందరు నొచ్చుకుంటారు. ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోను. కానీ శివాలయ తోరణం నడుమ, పై అంతస్తులో మసీదున్న చార్మినార్‌ను నిలిపి రాజముద్ర చేసుకున్నది మనమే. గౌరవంగా చేశాం కాబట్టే అది అందరిదీ అయింది.

శిల్పులకూ కొదవ లేదు. గ్రామదేవతల పెద్ద కళ్లను ఫైబర్‌గ్లాస్ తలల్లోకి తెచ్చిన రవీందర్ రెడ్డి మనవారే. హైదరాబాద్ యూనివర్సిటీల్లో శిల్పం నేర్చిన పిల్లలు పని కోసం ఎదురుచూస్తున్నారు.

రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం చట్టమే ఒప్పుకోదు, కాబట్టి కోట జోలికి పోనక్కర్లేదు. ఊళ్ల ముఖద్వారాలతో మొదలుపెట్టవచ్చు. ఇకపై కమాను మంజూరు చేసేటప్పుడు ఎస్టిమేట్‌తో పాటు శిల్పి పేరు, మట్టి నమూనా కూడా అడగాలి. పని మొదలయ్యే ముందు ఆ నమూనాను నెలరోజులపాటు మున్సిపల్ ఆఫీసులో జనం చూసేలా పెట్టాలి.

— ఒక పాఠకుడు, హనుమకొండ