పాత పసుపు బాయిలర్ అడ్వాన్సు 60,000 రూపాయలు వాపసు ఇవ్వాలని ఫిర్యాదు

ఆర్మూర్, నిజామాబాద్ జిల్లా
తేదీ: 12-02-2026

మేనేజరు గారికి,
పసుపు బాయిలర్ల తయారీ, అమ్మకాల కంపెనీ

విషయం: పాత కట్టెల బాయిలర్‌లో లోపాలు దాచి అడ్వాన్సు తీసుకోవడం, తిరిగి ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

జనవరి 27న మీ షెడ్డుకు వచ్చి, పసుపు కొమ్ములు ఉడకబెట్టే పాత బాయిలర్ చూసి, 60,000 రూపాయలు అడ్వాన్సు కట్టిన రైతును. కట్టెలతో నడిచేది, నాలుగు డ్రమ్ములది, ట్రాక్టరుకు తగిలించుకుని పోయే రకం. ధర 2,60,000 అనుకున్నాం. ఫిబ్రవరి 3న మళ్ళీ వచ్చి బాగా పరిశీలించాక నాకు వద్దని చెప్పాను. డబ్బు తిరిగి అడిగితే మీ సేల్స్ ఆయన "పాత సామాను చూసుకునే కదా మాట్లాడుకున్నారు, అడ్వాన్సు వాపసు ఉండదు" అన్నారు. మొదటిరోజు నాకు చూపించిందేమిటి, రెండోసారి నేను చూసిందేమిటి అన్నది మీ వరకు రావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నాలుగెకరాల పసుపు. మా నాన్న కాలం నుంచీ కడాయిల్లోనే ఉడకబెడుతున్నాం. ఒక్కో కడాయికి గంట దగ్గర పడుతుంది. పైన ఉన్నది ఉడికేలోపు అడుగున ఉన్నది మెత్తబడిపోతుంది. తవ్వినాక రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టకపోతే సరుకు దెబ్బతింటుంది, ఆ రోజుల్లోనే కూలీలు దొరకరు. స్టీముతో అయితే పని తొందరగా అవుతుంది, అంతా ఒకేలా ఉడుకుతుంది. అందుకే నేనూ, ఇద్దరు కొడుకులూ కలిసి మా పంటకూ, పక్క రైతుల పంటకు కిరాయికీ నడుపుకుందామనుకున్నాం. కొత్తదానికి మీరు 4,75,000 చెప్పారు. అంత పెట్టే శక్తి లేక పాతది అడిగాను. పాతది కొనడం తెలివితక్కువ పని అని నేను ఇప్పటికీ అనుకోను. ఇనుము బాగుండి, అమ్మేవాడు నిజం చెబితే పాత బాయిలర్ ఇంకా చాలా ఏళ్ళు అన్నం పెడుతుంది.

"రెండే సీజన్లు నడిచింది" అని మీ సేల్స్ ఆయన చెప్పిన మాట నమ్మి అడ్వాన్సు కట్టాను. తర్వాత తెలిసినవాళ్ళను అడిగితే అర్థమైంది, ఆ లెక్కతో బాయిలర్ సంగతి తేలదని. పసుపు బాయిలర్ ఏడాదిలో రెండు నెలలు నడిస్తే పది నెలలు ఊరికే పడి ఉంటుంది. సీజను అయ్యాక నీళ్ళన్నీ వదిలి, బురద కడిగి, లోపల ఆరబెట్టి మూయకపోతే ఆ పది నెలల్లో అడుగు ప్లేటును తుప్పు తినేస్తుంది. పైగా మా వైపు బోరు నీళ్ళకు ఇంట్లో గిన్నెలకే తెల్లటి పొర కడుతుంది. అదే పొర ట్యూబుల మీద కడితే మంట వేడి నీళ్ళకు సరిగా అందదు. కట్టెలు ఎక్కువ కాలతాయి, ట్యూబు మాత్రం మాడిపోతుంది. ఎన్ని సీజన్లు నడిచిందో చెప్పిన మీ మనిషి, నడవని నెలల్లో దాన్ని ఎలా ఉంచారో ఒక్క మాట చెప్పలేదు.

రెండోసారి వచ్చినప్పుడు ఉప్పుడు బియ్యం మిల్లులో ముప్పై ఏళ్ళు బాయిలర్ నడిపిన మా ఊరి పెద్దాయనను వెంట తెచ్చుకున్నాను. ఆయన ముందుగా పొయ్యి తలుపు తీసి, నేల మీద పడుకుని టార్చి వేసి చూశాడు. తర్వాత చిన్న సుత్తి తీసుకుని ఒక చివర నుంచి తట్టుకుంటూ వచ్చాడు. పక్కలకు తడితే ఖంగున మోగింది. అడుగుకు వచ్చేసరికి ఆ మోత పోయింది, పగిలిన కుండను తట్టినట్టు మొద్దుగా వినిపించింది. అక్కడ ఆగి గోటితో రంగు గీకాడు. వెండి రంగు ఇంకా పచ్చిగానే ఉంది, వేలికి అంటుకుంది. దాని కింద పుట్టీ, పుట్టీ కింద వెల్డింగు గట్టు, గట్టు మధ్యలో విస్తరాకంత అతుకు. "పైన పటారం, లోన లొటారం. ఇది మనకొద్దు బిడ్డా" అని చేతులు దులుపుకుని లేచాడు.

మా మేనల్లుడు బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ పని చేస్తాడు. ప్లేటు మందం కొలిచే మీటరు తెచ్చాడు. మీరు 8 మిల్లీమీటర్ల ప్లేటు అని చెప్పారు. పైన 7.6 చూపింది, పక్కలకు 7.1. అడుగున అతుకు పక్కనే 4.2, జానెడు అవతల 3.9, ఒకచోట 3.4. ఇంకో రెండు చోట్ల పెట్టబోతుంటే మీ మెకానిక్ వచ్చి ఆపేశారు.

అతుకు ఉన్నందుకే నేను గొడవ పడటం లేదు. పల్చబడిన భాగం కోసేసి, కొత్త ప్లేటు పెట్టి, ఎక్కడ వేశారో చెబితే దాన్ని రిపేరు అంటారు. మీరు పల్చబడిన ఇనుము మీదే ఇంకో ముక్క కప్పి అంచులు వెల్డింగు చేశారు. ఆ వెల్డింగు పట్టుకుని ఉన్నది ఆ పల్చటి ఇనుమునే కదా. ఆపైన పుట్టీ పెట్టి రంగు వేశారు. పుట్టీ పెట్టిన చేయికి కింద ఏముందో తెలుసు.

ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకుని స్టీము వదలాల్సిన సేఫ్టీ వాల్వు మీట ఎత్తి చూశాను, కదల్లేదు. స్ప్రింగు నట్టు చివరిదాకా బిగించి బైండింగు వైరుతో కట్టి ఉంది. ఎందుకని అడిగితే "లేకపోతే మాటిమాటికీ స్టీము వదిలేస్తది, పని ఆగుతది" అన్నారు మీ మెకానిక్. ఆ జవాబుకు నాకు ఒళ్ళు జలదరించింది. ప్రెజర్ మీటరు ముల్లు చల్లటి బాయిలర్ మీద సున్నాకు రాకుండా 0.4 దగ్గర నిలబడిపోయింది. వాల్వు తెరుచుకోదు, మీటరు నిజం చెప్పదు, అడుగు ప్లేటు సగానికి సగం పోయింది. అలాంటి దాన్ని 2 కిలోల ఒత్తిడి దాకా లాగొచ్చని మీ సేల్స్ ఆయన నాతో అన్నారు.

2 కిలోలంటే చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు. ఒక మీటరు వ్యాసం ఉన్న గుండ్రటి మూత మీద ఆ ఒత్తిడి లెక్క కడితే 15 టన్నులు దాటుతుంది. పసుపు ఉడకబెట్టే కల్లంలో ఆ మూతకు నాలుగడుగుల దూరంలో మా ఆవిడా, కోడలూ డ్రమ్ముల్లోకి పసుపు ఎత్తిపోస్తుంటారు. బడి లేని రోజు మనవరాలు కూడా అక్కడే ఉంటుంది.

ఇంకో విషయం. ఇలాంటి చిన్న బాయిలర్లకు రిజిస్ట్రేషన్ అవసరం లేదని మీ ఆఫీసులో చెప్పారు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో వచ్చిన 2025 చట్టంలో మినహాయింపు ఉన్నది 25 లీటర్ల లోపు వాటికీ, కిలో కంటే తక్కువ ఒత్తిడితో నడిచే వాటికీ. మీ బాయిలర్‌లో పట్టే నీళ్ళు వందల లీటర్లు, మీరు చెప్పిన ఒత్తిడి 2 కిలోలు. మరి దాని రిజిస్ట్రేషన్ నంబరు ఏది? ఇన్‌స్పెక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ ఏది? ప్లేటు మీద నంబరు కోసం వెతికితే గ్రైండింగు చేసిన మెరుపు తప్ప ఏమీ కనిపించలేదు.

చివరికి నీళ్ళ టెస్టు చేసి చూపించండి, నిలబడితే మొత్తం డబ్బు ఇప్పుడే ఇచ్చి తీసుకుపోతానని పెద్దాయన ముందే అన్నాను. బాయిలర్ నిండా చల్లటి నీళ్ళు నింపి చేతి పంపుతో ఒత్తిడి పెంచితే చాలు. బలహీనంగా ఉన్నచోట నీళ్ళు కారతాయి, స్టీములా పేలే భయం ఉండదు. చేతి పంపు మీ షెడ్డులోనే గోడ పక్కన ఉంది. "పాతవాటికి టెస్టులు చేయం" అన్నారు మీవాళ్ళు.

ధర లెక్క కూడా వేసుకున్నాను. అడుగు ప్లేటు మార్చి, ట్యూబులు కొత్తవి వేయడానికి బయట 1,20,000 అడిగారు. వాల్వు, మీటరు, నీటి మట్టం చూపే గాజు గొట్టానికి ఇంకో 15,000. మీకిచ్చే 2,60,000 కలిపితే 3,95,000. కొత్తదానికీ దీనికీ మిగిలే తేడా 80,000. నంబరు లేని, అతుకుల బాయిలర్‌కు అంత పెట్టడం నా వల్ల కాదు.

నేను కోరేది ఇది. లోపం దాచి తీసుకున్న అడ్వాన్సు గనుక 60,000 రూపాయలూ కోత లేకుండా పదిహేను రోజుల్లో నా బ్యాంకు ఖాతాలో వేయాలి. ఆ బాయిలర్‌ను అడుగు ప్లేటు మార్చకుండా, నీళ్ళ టెస్టు చేయకుండా ఇంకో రైతుకు అమ్మబోమని రాసివ్వాలి. ఈ రెండోది నాకు మొదటిదాని కంటే తక్కువ కాదు. మేం బయటికి వస్తుండగా మెట్‌పల్లి వైపు రైతులు ఇద్దరు అదే బాయిలర్ చుట్టూ తిరుగుతున్నారు. మీ సేల్స్ ఆయన వాళ్ళతోనూ "రెండే సీజన్లు" అంటున్నారు. గీకిన చోట అప్పటికే మళ్ళీ రంగు పూసి ఉంది.

గడువు దాటితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. జీవనోపాధి కోసం సొంతంగా నడుపుకోవడానికి కొనేవాడు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుడే. ఈ విలువకు ఫిర్యాదు ఫీజు కూడా లేదు. ఈ ఉత్తరం నకలు బాయిలర్ల ఇన్‌స్పెక్టరు కార్యాలయానికీ, నిజామాబాద్‌లోని జాతీయ పసుపు బోర్డు కార్యాలయానికీ పంపుతున్నాను.

మా చేనులో తవ్వకం మొదలైంది. ఈ ఏడాదికి మళ్ళీ కడాయిలే దించాం.

ఇట్లు,
మీ రసీదు మీద పేరున్న రైతు

జత: అడ్వాన్సు రసీదు నకలు, అతుకు ఫొటోలు 4, వైరు కట్టిన వాల్వు ఫొటో, మందం రీడింగులు రాసుకున్న కాగితం.