డేటింగ్ షోలల్ల ప్రేమను కెమెరా ముంగట వెతికితే ఎట్ల దొరుకుతది

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన వారం మీ ఉత్తరాల పేజీల ఒక రిటైర్డ్ సారు రాసింది చదివిన. టీవీలల్ల ఓటీటీలల్ల వచ్చే డేటింగ్ షోలు అన్నీ నాటకాలేనట, అండ్ల పుట్టే ప్రేమలు ఫైనల్ ఎపిసోడ్ దాటితే ఉండయట, పోరగాళ్లు ఆగమైతున్నరు కాబట్టి గవర్నమెంటు బంద్ పెట్టాలెనట. సారు వయసుకు దండం పెట్టి చెప్తాన్న, అండ్ల సగం కరెక్టే, సగం కాదు. నేను హనుమకొండల ఉంట, పెండ్లి వీడియోలు తీసుడు నా పని, ప్రీ వెడ్డింగ్ షూట్ కాడి నుంచి బారాత్ దాక అన్నీ చేస్త, ఎడిటింగ్ కూడ నేనే కూసుంట. సినిమావోన్ని కాదు, టీవీవోన్ని కాదు. కానీ కెమెరా ముంగట మనుషులు ఎట్ల బిగుసుకుంటరో, కట్ అన్నంక ఎట్ల మళ్ల మనుషులైతరో రోజూ చూసేటోన్ని, అందుకే ఈ ముచ్చటల జర నోరు పెడుతాన్న.

ముందు సారు కరెక్టన్న సగం చెప్త. 2009ల ఎన్డీటీవీ ఇమాజిన్ అనే హిందీ చానల్ల నటి రాఖీ సావంత్ టీవీలనే మొగున్ని ఎంచుకునే స్వయంవరం షో వచ్చింది, మా గల్లీల ఆడోళ్లు హిందీ సగమే సమజైనా సీరియల్ లెక్క చూసిన్రు, ఆఖరికి కెనడా నుంచి వచ్చిన ఇలేష్ అనే ఆయనను ఖాయం చేసుకున్నది, నిశ్చితార్థం కూడ అయింది, లగ్గం మాత్రం కాలే, కొన్నాళ్లకు ఎవ్వలి తొవ్వ వాళ్లు పట్టిన్రు. మర్లేడు 2010ల రాహుల్ మహాజన్ టీవీలనే డింపీ గంగూలీని పెండ్లి చేసుకున్నడు, అదీ తర్వాత విడాకులకు పోయింది. మన తెలుగుల 2018ల స్టార్ మాల యాంకర్ ప్రదీప్‌కు పిల్లను చూస్తమని పెళ్లిచూపులు షో పెట్టిన్రు, సుమ గారు నడిపిచ్చిన్రు, మస్తు నవ్వులు నవ్విన్రు, అక్కడ కూడ పెండ్లి దాక పోలె. అమెరికాల బ్యాచిలర్ షో 2002ల మొదలైంది, దాని జంటలల్ల సుత నిలవనియే ఎక్కువ. ట్రిస్టా, ర్యాన్ అని బ్యాచిలరెట్ (అదే షో, కాకపోతే ఒక ఆడపిల్ల, చుట్టూ మగపిలగాళ్లు) మొదటి సీజన్‌ల కలిసినోళ్లు 2003ల పెండ్లి చేసుకొని పిల్లల్ని కన్నరు, అసొంటియి తక్కువే.

ఇగ రెండో సగం. సారు చూసింది హీరో దిక్కే, అంటె షోల జంటను ఎంచుకునేటోని దిక్కే. కెమెరా ఎటు తిప్పిన్రో అటే చూసిండు. అసలు కథ పక్కపొంటి నడిచింది గదా.

2018ల వియత్నాంల ఆ బ్యాచిలర్ షోనే వాళ్ల భాషల పెట్టిన్రు. పద్ధతి అదే, ఒక పిలగాడు, చుట్టూ ఆడపిల్లలు, రాత్రి పూట నిలబెట్టి ఒక్కొక్కరికి గులాబీ పువ్వు ఇస్తడు, పువ్వు దొరకనోళ్లు పెట్టె సదురుకొని పోవాలె. ఒక రోజు ఆ పువ్వుల కార్యక్రమంల మిన్ థు అనే పిల్ల ముందుకు వచ్చి ఆ పిలగానికే మొఖం మీద చెప్పింది, నేను ప్రేమ కోసమే వచ్చిన, నాకు దొరికింది కూడ, కానీ అది నీతోని కాదు అని. చెప్పి నేరుగ పోయి పక్కన నిలబడ్డ ఇంకో కంటెస్టెంటును, ట్రుక్ న్యూ అని ఆమె పేరు, గట్టిగ పట్టుకొని ఏడ్సుకుంట నాతోని ఇంటికి వచ్చెయ్ అన్నది. అందరు బొమ్మల లెక్క నిలబడ్డరు. ఆ రెండో పిల్ల చేతిల పువ్వు వాపస్ ఇచ్చి పోతా అన్నది, మళ్ల ఆ పిలగాడు పక్కకు పిలిచి మాట్లాడితే ఉన్నది, తర్వాత ఆమె కూడ బయటికొచ్చింది, షో అయినంక ఇద్దరు జంటగ కనబడ్డరు. ఆ వీడియో ప్రపంచమంత తిరిగింది. సరిగ్గా అదే నెల, సెప్టెంబర్ 6 నాడు, మన సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది, ఇష్టపడ్డ ఇద్దరు మేజర్లు ఆడ ఆడ అయినా మగ మగ అయినా వాళ్ల సంబంధం నేరం కాదని. ఆ నెలల మా స్టూడియోల ఈ రెండు ముచ్చట్ల మీద ఎంత లొల్లి అయిందో నాకు ఇంకా యాదికున్నది, నా దగ్గర పనిచేసే పిలగాళ్లు నవ్విన్రు, ఆల్బమ్ డిజైన్ చేసే అక్క మాత్రం నవ్వలే, నవ్వే పనేమున్నదిరా అన్నది, అంతే.

వియత్నాం ఒక్కటే కాదు. 2016ల ఆస్ట్రేలియా బ్యాచిలర్ల మేగన్ మార్క్స్, టిఫనీ స్కాన్లన్ అని ఇద్దరు ఒకే పిలగాని కోసం పోటీకి వచ్చినోళ్లు, షో అయిపోయినంక మేమిద్దరమే ఒకరికొకరం అని చెప్పిన్రు. తర్వాత వాళ్లు విడిపోయిన్రు, అది వేరే ముచ్చట, ఊర్లల్ల ఏడడుగులు నడిచినోళ్లు విడిపోతలేరా.

ఇది ఎందుకైతదో ఎడిటర్ గారు, పనిచేసేటోన్ని కాబట్టి నాకు జర సమజైతది. ఆ ఇండ్లల్ల ఫోన్లు గుంజుకుంటరు, టీవీ ఉండది, పేపర్ ఉండది, బయట మనిషితోని మాట లేదు. ఒక పిలగానికి ఇరవై అయిదు మంది దాక ఆడపిల్లలు అనుకోండ్రి, ఆ పిలగాడు ఒక్కొక్కరితోని ఎంతసేపు మాట్లాడగలడు, డేట్ అని ఒకామెను హెలికాప్టర్ల తిప్పుతరు, మిగతా అందరు ఇంట్లనే కూసుంటరు. తిన్నా వండుకున్నా ఏడ్సినా వాళ్లకు వాళ్లే. పువ్వుల కార్యక్రమం తెల్లారేదాక తీస్తరు, ఒక పువ్వుకు ఒకసారి లైటు మార్చాలె, ఒకసారి యాంగిల్ మార్చాలె, మనకు టీవీల పది నిమిషాలు, వాళ్లకు రాత్రంత. హీల్స్ వేసుకొని కాళ్లు లాగుతుంటే పక్కన నిలబడ్డోళ్ల భుజమే పట్టుకుంటరు గదా. అట్ల చూస్తే హీరోతోని గడిపిన టైము ఎంత, పక్కనోళ్లతోని గడిపిన టైము ఎంత, ఎవ్వలి మీద మనసు పడాలె చెప్పుండ్రి.

హీరో ముందు కూసున్నప్పుడేమో మెడల మైకు, మొఖం మీద లైటు, పక్కన ప్రొడ్యూసర్, ఆయన గురించి నీకు ఏమనిపిస్తాంది చెప్పు అని అడుగుతనే ఉంటడు, కావలసిన మాట వచ్చేదాక అడుగుతడు. రాకపోతే ఎడిటింగ్ల వస్తది. ఒక మాట ముందు దాంట్లకెల్లి, ఒక మాట వెనక దాంట్లకెల్లి తీసి అతికిస్తరు, మధ్యల మొఖం కనబడకుండ తలకాయ వెనకాల షాటు పెడితే ఎవ్వలికి తెలుస్తది. నేను సుత చేస్త, అబద్ధం ఎందుకు, మేనత్త ఆశీర్వాదం చెప్పమంటే తడబడ్డదనుకో రెండు ముక్కలు కలిపి సక్కగ చేస్త, వాళ్లు వచ్చి చూసి మురిసిపోతరు. అదే పని ప్రేమ మీద చేస్తే దాన్ని మన దగ్గర లవ్ ట్రాక్ అంటరు, బిగ్‌బాస్ చూసేటోళ్లకు ఈ మాట చెప్పనవసరం లేదు. జగిత్యాల దిక్కు లంబాడిపల్లి గంగవ్వ 2020ల బిగ్‌బాస్‌కు పోయినంక మా దిక్కు ముసలోళ్లు కూడ ఆ షో అలవాటు చేసుకున్నరు, ఇప్పుడు మా పక్కింటి అవ్వ ప్రోమో చూడంగనే చెప్తది, ఇది ట్రాక్ బిడ్డా, నిజం కాదు అని. అవ్వ మాట చానా సార్లు కరెక్టే. అందుకని నిజమైనయి లేవని కాదు, హిందీ బిగ్‌బాస్ 9ల 2015ల కలిసిన ప్రిన్స్ నరులా, యువికా చౌదరి మూడేండ్లకు 2018ల పెండ్లి చేసుకున్నరు.

ప్రేమ కెమెరా పక్కపొంటి నడుస్తదనే సంగతి నాకు బాగ తెలిసింది ములుగు దిక్కు లక్నవరం చెరువు కాడ. ఒక జంట ప్రీ వెడ్డింగ్ షూట్, వేలాడే బ్రిడ్జి మీద పొద్దుగాల ఎండ మంచిగ పడుతదని చీకట్లనే బయల్దేరినం. పెండ్లికొడుకు ఫోన్ల క్రికెట్ స్కోర్ చూస్తాండు, పెండ్లిపిల్లకు అందుకే కోపం, ఇద్దరు నా మాట విని నవ్వుతరు, నేను ఓకే అనంగనే మొఖాలు తిప్పుకుంటరు. ఆ పిల్లకు తోడు చిన్నమ్మ బిడ్డ వచ్చింది, చీరెల బ్యాగు, పిన్నుల డబ్బా ఆమె చేతిలనే. నా దగ్గర రిఫ్లెక్టర్ పట్టేటోడు ఒక నర్సంపేట పిలగాడు. పెండ్లిపిల్ల కాలర్ మైకు డ్రెస్ మార్చుకునేటప్పుడు తీసి ఆ చిన్నమ్మ బిడ్డ చేతికి ఇచ్చింది, ఆఫ్ చేసుడు ఎవ్వలికి యాదికి రాలె. సాయంత్రం స్టూడియోల కూసొని సౌండ్ వింటాన్న, నీళ్ల చప్పుడు, గాలి చప్పుడు, అండ్ల మా పిలగాని గొంతు, మీరు పొద్దుగాల సంది ఏం తినలేదు గదా అంటాండు. ఆమె, బ్యాగుల మురుకులున్నయి మీరు తింటరా అంటాంది. ఇగ అక్కడ ఆపిన, మిగతాది వినలె, వినుడు మర్యాద కాదు, డిలీట్ కొట్టిన. ఆ రోజు నేను లక్నవరం నీళ్లు, కొండలు, డ్రోన్ అన్ని పెట్టి తీసిన దాంట్ల ప్రేమ అనేది నాకైతే ఎక్కడ కనబడలె. ఆ మురుకుల దగ్గర ఉన్నది. వాళ్లిద్దరికి తర్వాత పెండ్లి అయింది, వాళ్ల వీడియో నేనే తీసిన, పైసలు తీసుకోలె.

దీంట్ల ఇంకో ముచ్చట చెప్పకపోతే తప్పు. కెమెరా వెనకాల అంటె పనిచేసేటోళ్లు కూడ వస్తరు, అక్కడ లెక్క వేరే ఉంటది. 2010ల అమెరికా బ్యాచిలర్ల ఒక కంటెస్టెంటును షో వాళ్లు మధ్యలనే పంపించిన్రు, ప్రొడక్షన్ల పనిచేసే ఒకాయనతోని సంబంధం పెట్టుకున్నదని అన్నరు, ఆమె అదేం లేదన్నది, ఆయన కూడ షోల లేకుండ పోయిండు. నిజమేందో వాళ్లకే ఎర్క. కానీ షో వాళ్లకు అసొంటి రూల్ ఉండుడు మాత్రం తప్పు కాదంట నేను. ఇద్దరు కంటెస్టెంట్లు ఒకే తీరు ఇరుకులున్నరు, ఇద్దరి ఫోన్లు గుంజుకున్నరు, ఒకరి మీద ఒకరికి అధికారం లేదు. పనిచేసేటోని చేతిలనేమో ఎవ్వలిని మంచిగ చూపియ్యాలె ఎవ్వలిని చెడ్డగ చూపియ్యాలె అనేది ఉంటది, మైకుల మాటలన్ని ఆయన చెవులనే ఉంటయి, అండ్ల ప్రేమ అంటె నాకు అనుమానమే. మా స్టూడియోల కూడ ఒక పద్ధతి పెట్టిన, ఆల్బమ్ డెలివరీ అయ్యేదాక పార్టీ దిక్కు ఆడపిల్లల నంబర్లు ఎవ్వలు తీసుకోవద్దు, ఫోటోలు వాట్సాప్‌ల పంపుత అనే సాకు అసలే వద్దు. లక్నవరం పిలగాడు ఆల్బమ్ ఇచ్చినంకనే నంబర్ అడిగిండు, దానికి నేను పూచీ.

అందరిది ఒకటే తీరు ఉండదు అనుకోండ్రి. ఆ అమెరికా షోకు 2002 సంది 2021 దాక యాంకర్‌గ ఉన్న క్రిస్ హారిసన్ అన్నేండ్లు పక్కన నిలబడి వేరేటోళ్ల జంటలు కలిపిండు, విడిపోయేటోళ్ల ఏడుపులు చూసిండు, ఆఖరికి ఆయన మనసు పడ్డది ఆ షో వార్తలు రాసే టీవీ రిపోర్టర్ లారెన్ జీమా మీద, 2023ల పెండ్లి చేసుకున్నరు. పువ్వు లేదు, హెలికాప్టర్ లేదు, ఇద్దరు కష్టపడి పనిచేసుకుంట ఒకరినొకరు చూసుకున్నరు. గిట్లాంటిది మాత్రం ఎవ్వలికి హాని లేని ముచ్చట.

మన పెండ్లిచూపులల్ల కూడ ఇదే చూస్త నేను. పిల్ల చాయ్ ట్రే పట్టుకొని వస్తది, పిలగాడు నేల చూపులు చూస్తడు, పది మంది పెద్దోళ్లు చుట్టూ కూసొని జీతమెంత, భూమెంత, గోత్రమేంది అంటరు, వాళ్లిద్దరు ఏం మాట్లాడుకున్నరంటె ఏం చదువుకున్నవ్ అని ఒకటే ముక్క. అదే ఇంట్ల వెనక వాకిట్ల చెప్పులు సదిరే పిలగాడు, మంచినీళ్లు అందిచ్చే పిల్ల గంటసేపు సతాయించుకుంటరు, ఎవ్వలు పట్టించుకోరు. రాత్రి 2 గంటలకు ముహూర్తం ఉన్న లగ్గాలల్లనైతే ఇగ చెప్పొద్దు, పెండ్లికొడుకు పెండ్లిపిల్ల నిద్ర మత్తుల ఊగుతుంటరు, ఫంక్షన్ హాల్ మెట్ల మీద చాయ్ తాగుకుంట ముచ్చట పెట్టేది మాత్రం రెండు దిక్కుల చుట్టాల పోరగాళ్లే.

అందుకే సారుకు నేను చెప్పేది, షోలు బంద్ పెట్టమని అడుగుడు కాదు, ఆ పిల్లలను గన్ని రోజులు బంద్ల పెట్టి, ఫోన్లు గుంజుకొని, నిద్ర లేకుండ చేసి, మాట అతికిచ్చి చూపిస్తాన్నరు గదా, దాని మీద అడుగుండ్రి. ఎన్ని గంటలు పని, ఎవ్వలు ఏం సంతకం పెట్టిన్రు, షో అయినంక వాళ్ల మానసిక ఆరోగ్యం ఎవ్వలు చూస్తరు, గది అడిగితే నేను కూడ సారు పక్కన నిలబడత.

మీకు కూడ ఒక చిన్న రిక్వెస్ట్. సినిమా పేజీల ఆ షోల ప్రోమో వచ్చుడు తోనే ఫలానా ఇద్దరి మధ్య ఏదో నడుస్తాందని హెడ్డింగ్ పెడుతున్నరు, ఫోటో కూడ వాళ్లు పంపినదే వేస్తున్నరు. ఒక్కసారి ఆ షోలల్ల కెమెరా పట్టేటోళ్లను, సౌండ్ వినేటోళ్లను, మేకప్ వేసే అక్కలను పలకరించి రాయుండ్రి, మన వరంగల్, కరీంనగర్ పోరగాళ్లు కూడ హైదరాబాద్ల ఆ పనులల్ల ఉన్నరు, వాళ్లకు తెల్సినన్ని ముచ్చట్లు యాంకర్లకు కూడ తెల్వయి.

ఉత్తరం మస్తు పొడుగైంది, జాగ లేకపోతే నా లక్నవరం ముచ్చట కట్ చేసుకోండ్రి, వియత్నాం పిల్ల ముచ్చట మాత్రం తియ్యకుండ్రి.

ఇట్లు,
ఒక పెండ్లి వీడియోగ్రాఫర్,
హనుమకొండ