అమ్మే ముందు అన్ని వైపులా మీరే కూర్చుని ఆడి చూడండి

సంపాదకులకు,

ఆర్యా,

సెలవుల్లో పిల్లలను ఫోన్ల నుంచి బల్ల మీది ఆటల వైపు మళ్ళించమని మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి సంతోషించాను. మా బెంగళూరులో ఆ సరదా ఇప్పటికే బాగా పాకింది. గంటకు ఇంత అని తీసుకుని ఆటల పెట్టెలు ముందు పెట్టే కెఫేలు ఇందిరానగర్, కోరమంగల వైపు ఉన్నాయి. సొంతంగా వ్యూహాల ఆటలు తయారుచేసి, అచ్చు వేయించి అమ్ముదామనుకునే తెలుగు కుర్రవాళ్ళు మా కృష్ణరాజపురంలోనే నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. అయితే ఆ వ్యాసంలో గానీ ఈ కుర్రవాళ్ళ మాటల్లో గానీ నాకు వినబడని ప్రశ్న ఒకటి ఉంది. అట్ట మందంగా ఉందా, బొమ్మలు బాగున్నాయా అని అందరూ అడుగుతారు. రెండు వైపులా తూకం సరిపోయిందా, లేక మొదటి వంతు ఎవరికి వస్తే గెలుపు వారిదేనా అని అడిగేవారు కనబడరు. దాన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని మొదటి పరీక్ష, ఆట తయారుచేసినవాడు ఒక్కడే కూర్చుని అన్ని వైపులా తానే ఆడి, ప్రతి ఆట ఫలితాన్నీ నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవడం.

ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో నాణ్యత తనిఖీ విభాగంలో 31 ఏళ్ళు పనిచేసి విరమించినవాడిని. కనబడిన ప్రతిదాన్నీ కొలవడం నాకు పట్టుకున్న జబ్బు అని ఇంట్లో వాళ్ళ అభిప్రాయం. రెండేళ్ళ కిందట మనవరాలి పుట్టినరోజుకు 1,800 రూపాయలు పెట్టి, నలుగురు ఆడే వర్తక ఓడల ఆట ఒకటి కొన్నాను. పెట్టె చూడముచ్చటగా ఉంది. కానీ మొదటి వంతు వచ్చినవారు దగ్గరి రేవును పట్టేస్తే మిగిలిన ముగ్గురూ ఆట ముగిసేదాకా వారి వెనుక పరుగెత్తడమే పనిగా ఉండేది. పిల్లలకు అనుమానం రాలేదు, గెలిచినవాళ్ళు తెలివైనవాళ్ళనుకున్నారు. నాకు నిద్రపట్టక నాలుగు కుర్చీల ఆటనూ నేనొక్కడినే 24 సార్లు ఆడి చూశాను. తూకం సరిగా ఉంటే మొదటి కుర్చీకి ఆరు గెలుపుల చుట్టుపక్కల రావాలి, 13 వచ్చాయి. తయారీదారుకు లెక్కలతో సహా ఉత్తరం రాస్తే, ఆటను సరదాగా తీసుకోవలసిందిగా జవాబు వచ్చింది.

మన పెద్దలు ఈ విషయంలో ఏమరుపాటుగా లేరు. పులిమేకను తీసుకోండి: మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే చోట్లు 23. ఒకవైపు బలం, మరొకవైపు సంఖ్య. ఆ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి పోటీ కుదర్చడం ఎంత కష్టమో ఇలాంటి ఆట తయారుచేయబోయినవారికే తెలుస్తుంది. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు అన్నది ఊరికొక లెక్కగా ఉండటానికి కూడా కారణం ఇదే అయి ఉంటుందని నా ఊహ. ఆడి ఆడి, ఎవరి ఆటతీరుకు తగ్గట్టు వారు తూకం సర్దుకున్నారు. చిన్నప్పుడు మా ఊరి గుడి మండపం బండ మీద చెక్కిన పులిమేక పటం దగ్గర, తోడు దొరకని మధ్యాహ్నాలు మా తాత రాళ్ళు పరుచుకుని రెండు వైపులా తానే ఆడుకుంటూ ఉండేవాడు. వామనగుంటలను అశోకవనంలో సీతమ్మ ఒంటరిగా ఆడుకున్నదని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. తోడు లేనివారి కాలక్షేపం అనే నేను ఆనాడు అనుకున్నాను.

అసలు సంగతి మా మేనల్లుడి ఆట. వాడూ ఇద్దరు మిత్రులూ కలిసి బెంగళూరు చెరువుల మీద ఇద్దరు ఆడే ఆట తయారుచేశారు. ఆరు వరుసలు, ఆరు నిలువులు, మొత్తం 36 గడులు. ఒకవైపు 'కబ్జా', దానికి 12 కాయలు. రెండోవైపు 'కాపలా', దానికి నాలుగే కాయలు గానీ పులి లాగా దూకి ఎదుటి కాయను తీసేయగలదు. చెరువులోకి నీళ్ళు తెచ్చే రెండు రాజకాలువలనూ మూసేస్తే కబ్జా గెలిచినట్టు, ఆరు కాయలు తీసేస్తే కాపలా గెలిచినట్టు. అట్ట మీద చేత్తో గీసిన నమూనా తెచ్చి నా ముందు పెట్టి, "మామయ్యా, మీరు తప్పులు పట్టండి, వచ్చే నెల అచ్చుకు ఇచ్చేద్దామనుకుంటున్నాం" అన్నాడు.

రోజూ రాత్రి భోజనాలయ్యాక బాల్కనీలో బల్ల వేసుకుని మొదలుపెట్టాను. ఒక వైపు ఎత్తు వేశాక లేచి, బల్లకు అటువైపు కుర్చీలో కూర్చుని రెండో ఎత్తు వేయడం నా పద్ధతి. చూసేవారికి నవ్వు రావచ్చు గానీ, కూర్చున్న చోటు మారితే చూపు మారుతుంది. ఇటునుంచి కనబడని దారి అటునుంచి కనబడుతుంది. ఆట మొదలుపెట్టే ముందు ఏ వైపు ఏ ఎత్తుగడతో ఆడబోతున్నదో ఒక్కో వాక్యం రాసుకునేవాడిని, లేకపోతే మధ్యలో తెలియకుండానే మనకు ముద్దొచ్చిన వైపుకు సాయం చేస్తాం. చెరువులున్న ఊళ్ళో ఉంటూ కబ్జాను గెలిపించడానికి చేయి రాదు కదా. మా ఆవిడ ఒకనాటి రాత్రి నీళ్ళ చెంబుతో వచ్చి, "మీతో మీరే ఓడిపోయి ఆ ముఖం ముడుచుకోవడం ఏమిటండీ" అని అడిగింది.

మొదటి 20 ఆటల్లో కాపలా 13 గెలిచింది. మేనల్లుడు వెంటనే కబ్జాకు రెండు కాయలు పెంచుతానన్నాడు. నేను ఆపాను. రూపాయి బిళ్ళను 20 సార్లు ఎగరేస్తే బొమ్మో బొరుసో ఏదో ఒకటి 13 సార్లు గానీ అంతకు మించి గానీ పడటం నాలుగింట ఒకసారి జరిగే మామూలు విషయం. దాన్ని పట్టుకుని బిళ్ళ చెడ్డదనలేం. పైగా కొత్త ఆటలో మొదటి పది ఆటలు ఆడేవాడి అనుభవలేమినే చూపిస్తాయి, ఆటలోని లోపాన్ని కాదు. మరో 40 ఆడాను. మొత్తం 60లో కాపలా 41, కబ్జా 19. ఇది కాకతాళీయంగా రావడం వందలో ఒకసారి కూడా కష్టమే కాబట్టి, ఇక లోపం ఉందని ఒప్పుకోవలసి వచ్చింది.

కానీ ఎక్కడుంది? ఇక్కడే నోటు పుస్తకం ఆదుకుంది. 60లో సగం ఆటలు కాపలా ముందు ఆడినవి, సగం కబ్జా ముందు ఆడినవి. కాపలా ముందు ఆడిన 30లో 25 అదే గెలిచింది; కబ్జా ముందు ఆడిన 30లో కాపలాకు వచ్చినవి 16 మాత్రమే. అంటే బలాబలాల్లో పెద్ద తేడా లేదు, మొదటి ఎత్తులోనే ఉంది చిక్కంతా. రెండు రాజకాలువలూ కలిసే గడిలో కాపలా తన మొదటి ఎత్తుతోనే ఒక కాయను నిలబెడితే, దాన్ని ఆట అంతా కదపనక్కర్లేదు. అనుమానం తీరడానికి మరో పది ఆటలు 'మొండి ఆట' ఆడాను: ఆ కాయను కదపకుండా, మిగతా మూడింటితో తోచిన ఎత్తులు వేస్తూ. బుర్ర పెట్టకుండా ఆడినా పదింట ఎనిమిది కాపలావే. ఏ ఆటకైనా ఇలాంటి మొండి పరీక్ష పెట్టి తీరాలని నా నిశ్చితాభిప్రాయం. ఆలోచన లేని ఎత్తుగడ ఆలోచనను ఓడిస్తుంటే దాన్ని వ్యూహాల ఆట అని పెట్టె మీద రాయకూడదు. మేనల్లుడు అన్నట్టు రెండు కాయలు పెంచి ఉంటే, లెక్క పైకి సగానికి సగం అయ్యేదేమో గానీ ఎవరు ముందు ఆడితే వారిదే ఆట అయ్యేది.

ముందు ఆడేవారి లాభం కొత్త చిక్కేమీ కాదు. జపాన్, చైనాల్లో ఆడే 'గో' ఆటలో ముందు ఆడే నల్లకాయల వారికి లాభం ఉంటుందని తెల్లకాయల వారికి అదనపు పాయింట్లు ఇస్తారు. ఫలితాలు చూస్తూ చూస్తూ జపాన్‌లో దాన్ని నాలుగున్నర నుంచి ఐదున్నరకు, 2002లో ఆరున్నరకు పెంచారు, చైనాలో ఏడున్నర. బల్ల ఎదురెదురు అంచులను తన కాయలతో కలపవలసిన 'హెక్స్' ఆటలో, అన్నదమ్ముల మధ్య బెల్లం ముక్కను ఒకరు కోస్తే రెండోవారు ఎంచుకునే పద్ధతి వాడతారు: ఒకరు మొదటి ఎత్తు వేస్తే, ఏ వైపు ఆడాలో రెండోవారు ఎంచుకుంటారు. అయితే ఈ నియమాన్ని మాత్రం ఒంటరిగా పరీక్షించలేం. కోసేదీ నేనే, ఎంచుకునేదీ నేనే అయినప్పుడు ముక్కలు ఎప్పుడూ సమానంగానే కనబడతాయి.

ఇది ముసలివాళ్ళ కాలక్షేపం అనుకునేవారికి ఒక మాట. 2017లో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాం చదరంగం నియమాలు మాత్రమే తెలుసుకుని, తనతో తానే ఆడుకుని ఆట నేర్చుకుంది. చదరంగంలో మాజీ ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్, ఆ ప్రోగ్రాంను తయారుచేసిన డీప్‌మైండ్ సంస్థ పరిశోధకులు 2020లో అదే ప్రోగ్రాంతో చదరంగం నియమాలను తొమ్మిది రకాలుగా మార్చి (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరిపే క్యాస్లింగ్‌ను తీసేయడం అందులో ఒకటి) ప్రతి రకంలోనూ తనతో తనను ఆడించి, ముందు ఆడే తెల్లపావుల వారి లాభం ఎక్కడ పెరుగుతుందో, డ్రాలు ఎక్కడ తగ్గుతాయో చూశారు. మా తాత బండ మీద చేసినదానికీ దీనికీ తేడా ఆటల సంఖ్యలోనే. అంతకుముందు 2007లోనే కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు, గళ్ళ పలక మీద ఎదుటి కాయల మీదుగా దూకి వాటిని తీసేసే చెకర్స్ ఆట, రెండు వైపులా తప్పు లేకుండా ఆడితే డ్రా అవుతుందని కంప్యూటర్లతో ఏళ్ళ తరబడి లెక్కించి నిరూపించారు.

ఒంటరి ఆటకు అందనివి ఉన్నాయి. పేకముక్కలు దాచుకుని ఆడే ఆటలో ఎదుటివాడి చేతిలో ఏముందో నాకు తెలుసు కాబట్టి నేను మోసపోలేను. బేరాలు, బుకాయింపులు, ముగ్గురు కలిసి ముందున్నవాడిని కిందికి లాగడం, ఇవి మనుషుల మధ్యే జరుగుతాయి. ఆ చివరిది నిజానికి లోపాన్ని కప్పిపుచ్చుతుంది కూడా: నలుగురూ ఆడుతుంటే బలమైన కుర్చీలో ఉన్నవాడిని మిగతావారు తొక్కిపట్టి ఉంచుతారు, తయారుచేసినవాడు తూకం బాగుందని మురిసిపోతాడు. ఒక్కడే కూర్చుంటే ఆ ముసుగు ఉండదు. కాబట్టి ఒంటరి ఆట వల్ల లోపం ఉంటే బయటపడుతుంది, లోపం లేదని మాత్రం రుజువు కాదు. దాని తరువాత బంధుమిత్రులతో, ఆ పైన ముక్కూముఖం తెలియనివారితో ఆడించవలసిందే. కానీ చాలామంది ఈ మొదటి మెట్టు ఎక్కకుండానే బంధువులను కూర్చోబెడుతున్నారు. వారు మర్యాదకు బాగుందంటారు.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. కొత్త ఆటను పరిచయం చేసేటప్పుడు దాన్ని ఎన్నిసార్లు ఆడి చూశారు, ముందు ఆడినవారు ఎన్నిసార్లు గెలిచారు అని తయారుచేసినవారిని అడిగి, ఆ రెండు అంకెలూ ధర పక్కన అచ్చు వేయండి. చెప్పలేకపోతే చెప్పలేకపోయారనే వేయండి.

మా మేనల్లుడు అచ్చు వాయిదా వేసుకున్నాడు. కబ్జాయే ఎప్పుడూ ముందు ఆడాలన్నది రెండో కూర్పు. అందులో రెండు వైపులా అవే ఎత్తులు తిప్పి తిప్పి వేస్తూ ఆట తెమలకపోవడం బయటపడింది. ఒకే అమరిక మూడుసార్లు వస్తే డ్రా అని చదరంగం నుంచి తెచ్చుకున్న నియమంతో ఇప్పుడు మూడో కూర్పు నడుస్తున్నది. నిన్న రాత్రికి 22 ఆటలు పూర్తయ్యాయి: కాపలా 11, కబ్జా 9, డ్రా 2. బాగుందని రాసివ్వమని వాడు అడుగుతున్నాడు. 60 అయ్యాక చూద్దామన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
కృష్ణరాజపురం, బెంగళూరు