రాజీనామా ఇచ్చావా, బుజ్జమ్మా?

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. మామ్మకు మోకాలి నొప్పి కాస్త నిమ్మళించింది. ఎండలు మండిపోతున్నాయి, మధ్యాహ్నం పన్నెండు దాటితే బీసెంట్ రోడ్డులో మనిషి కనపడట్లేదు. నువ్వక్కడ నీళ్లు తాగుతున్నావా? టీ తాగి భోజనం మానేసే అలవాటు ఇంకా ఉందా?

తెనాలి మావయ్య వాళ్లు మొన్న వచ్చారు. మాటల్లో మాటగా నువ్వు హైదరాబాదులో, ఆ సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో కనిపించావన్నారు. ఆఫీసు ఉండే రోజున, పట్టపగలు, మరో నలుగురితో. యూట్యూబ్‌లో షార్ట్ ఫిల్ములో కూడా ఉన్నావట. నువ్వే చెప్తావు కదా, అప్పుడు చూద్దామని నేను చూడలేదు. మీ అమ్మ చూసింది. రెండుసార్లు చూసి, జుట్టు మొహం మీద పడుతోంది, బాగా చిక్కిపోయింది అంది. ఫోన్ చేస్తే "బిజీ నాన్నా, తర్వాత చేస్తా" అని మెసేజ్ వస్తోంది. ఆ తర్వాత ఎప్పుడో తెలియదు.

తిట్టడానికి రాయట్లేదు. నటన చెడ్డ పనని మన ఇంట్లో ఎవరూ అనలేదు, నేను అననివ్వను కూడా. ఏరు దాటితే చిర్రావూరు, సావిత్రి గారి ఊరు. ఇటు కంకిపాడు కోట శ్రీనివాసరావు గారిది. నూజివీడు ఎస్వీ రంగారావు గారిది. తెనాలి పక్కనే బుర్రిపాలెం కృష్ణ గారిది, రావికంపాడు గుమ్మడి గారిది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి ఆ పని తప్పనడం ఎవరివల్లా కాదు. నేను అడిగేది ఒక్కటే. ఉద్యోగం ఉందా, వదిలేశావా?

కోట గారి సంగతే చూడు. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసేవారు. ఆయన వేస్తున్న 'ప్రాణం ఖరీదు' నాటకాన్నే 1978లో సినిమా తీస్తే అందులో చిన్న వేషం వచ్చింది. చిరంజీవి గారి మొదట విడుదలైన సినిమా కూడా అదే. మరి కోట గారికి పేరు తెచ్చిన 'ప్రతిఘటన' ఎప్పుడొచ్చింది? 1985లో. మధ్యలో ఏడేళ్లు! ఆ ఏడేళ్లూ ఇంటి అద్దె ఎవరు కట్టారంటావు? బ్యాంకు కట్టింది. బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరరు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో మాంత్రికుడు అమ్రీష్ పురి అయితే కార్మిక బీమా సంస్థలో ఇరవై ఏళ్ల పైచిలుకు గుమస్తాగిరీ చేశారు. ఉదయం సాయంత్రం నాటకాలు, మధ్యలో ఆఫీసు. నలభై ఏళ్లు వస్తుండగా సినిమాల్లోకి వచ్చారు. ఈ రోజుల్లోనూ సత్యదేవ్ లాంటివాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూనే చిన్న పాత్రలు వేశారు.

చిరంజీవి గారు అన్నీ వదిలేసి వెళ్లారుగా అంటావు. నిజమే. కానీ డిగ్రీ పూర్తి చేసుకుని, మద్రాసు అడయారు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని మరీ దిగారు. 'ఖైదీ' వచ్చింది 1983లో. ఆ లోపు ఐదేళ్లు ఏ వేషం ఇస్తే ఆ వేషం వేశారు, విలన్ వేషాలు కూడా. ఆ ఐదేళ్లను లెక్కలోకి తీసుకోరు ఎవరూ.

మాగాయ పెట్టాం. ఈసారి ముక్క గట్టిగా ఉంది. పటమట పిన్ని వాళ్లబ్బాయి శనివారం వస్తున్నాడు, వాడితో పంపుతాం. గచ్చిబౌలి హాస్టలుకు పంపాలా, అడ్రసు మారిందా? ఇంట్లో ఎవరికీ తెలియకుండా గది మారితే మీ అమ్మకు నిద్ర పట్టదమ్మా.

రంగారావు గారి సంగతి నీకు పూర్తిగా చెప్పాలి, మామ్మ చెప్పేది సగమే. ఆయన 1918లో పుట్టారు. కాకినాడలో చదువుతూ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు వేశారు. అంజలీదేవి గారు, ఆదినారాయణరావు గారు, దర్శకుడు బి.ఎ.సుబ్బారావు గారు ఆ క్లబ్బు వాళ్లే. చదువయ్యాక అగ్నిమాపక శాఖలో ఆఫీసరు ఉద్యోగం, బందరులోను, విజయనగరంలోను. మంచి ఉద్యోగం. సినిమా మీద మనసుతో అది వదిలేశారు. 'వరూధిని'లో ప్రవరాఖ్యుడి వేషం వచ్చింది, ఏకంగా నాయక పాత్ర. 1947లో విడుదలైంది, ఆడలేదు. సినిమా పోతే అందులోని కొత్త నటుణ్ణి ఎవరూ పిలవరు. అతను ఎలా చేశాడన్నది రెండో మాట, పోయిన సినిమా మొహం అన్నది మొదటి మాట. ఇది అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

అప్పుడాయన మద్రాసులో గది పట్టుకుని కూర్చోలేదు. జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో బడ్జెట్ అసిస్టెంటుగా చేరారు. పెళ్లి చేసుకున్నారు. అక్కడి తెలుగువాళ్లతో కలిసి నాటకాలు మాత్రం ఆపలేదు. ఇది బాగా గమనించు తల్లీ, ఉద్యోగంలో చేరారు గానీ స్టేజీ దిగలేదు. గొంతు, నడక, కళ్లు, ఏవీ తుప్పు పట్టనివ్వలేదు. తర్వాత సుబ్బారావు గారు 'పల్లెటూరి పిల్ల' తీస్తూ ప్రతినాయకుడి వేషానికి కబురు పెట్టారు. పాత క్లబ్బు పరిచయమే. సరిగ్గా అప్పుడే తండ్రి పోయారు. కర్మకాండలు ముగించుకుని మద్రాసు చేరేసరికి ఆ వేషం ఎ.వి.సుబ్బారావు గారికి ఇచ్చేశారు. ఇందులో ఎవరినీ తప్పు పట్టలేం. సెట్టు వేశాక, మిగతా నటుల కాల్‌షీట్లు తీసుకున్నాక షూటింగ్ ఒక మనిషి కోసం ఆగదు. ఆయనకు చిన్న వేషం మిగిలింది. మొహం చిన్నబుచ్చుకోకుండా అదే వేశారు. ఆ తర్వాత విజయా వారి 'షావుకారు'లో సున్నం రంగడు, 1950. ఊళ్లో రౌడీ వేషం. నిడివి తక్కువే, కానీ ఆయన నడిచొస్తే తెర నిండిపోయేది. మరుసటి ఏడు అదే విజయా వారు 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుణ్ణి చేశారు. అప్పటికి ఆయనకు ముప్పై రెండు దాటాయి. 'నర్తనశాల'లో కీచకుడికి జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి కూడా వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు ఆయన దిగులుతో రాలేదు, చేతిలో జీతమున్న మనిషిగా వచ్చారు. అందుకే చిన్న వేషానికి ఒప్పుకోగలిగారు, నచ్చనిదానికి కాదనగలిగారు. నెలాఖరు భయంలో ఉన్నవాళ్లు అడ్డమైన కాగితాల మీదా సంతకం పెడతారు.

ఇంతకీ నీ చేతిలో ఏదైనా కాగితం ఉందా? షార్ట్ ఫిల్ముకు డబ్బులిచ్చారా, ఊరికే చేశావా? ఊరికే చేసినా తప్పులేదు. చాందినీ చౌదరి షార్ట్ ఫిల్ములతోనే మొదలుపెట్టి 'కలర్ ఫోటో' దాకా వచ్చింది. అది 2020. మధ్యలో ఎన్నేళ్లో నువ్వే లెక్కపెట్టుకో.

ఇక ఆడిషన్ల సంగతి. ఫోటోలకు వేలు పోయకు. కో-డైరెక్టరుకు కావలసినవి మూడే: ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, నిలువెత్తు ఒకటి. తెల్ల గోడ ముందు నిలబడి, పగటిపూట కిటికీ వెలుతురులో తీయించుకో. మేకప్ వద్దు, ఫోన్లో మొహం నునుపు చేసే యాప్‌లు అసలే వద్దు. ఫోటోలో ఒక మొహం, గదిలోకి వచ్చింది ఇంకో మొహమైతే అక్కడికక్కడే పంపించేస్తారు. వీడియోకి ఫోన్ అడ్డంగా పెట్టించు, ఛాతీ పైనుంచి కనపడాలి. ఫ్యాన్ ఆపు, లేకపోతే గొంతు వినపడదు. ఎదుటి డైలాగు చదివే మనిషిని ఫోన్ పక్కనే నిలబెట్టు, నీ చూపు లెన్సుకు పక్కగా ఉండాలి, లెన్సులోకి కాదు. పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పి ముగించు. నిమిషం దాటకు. రెండు సీన్లు చేసి పంపితే రెండూ ఏడుపు సీన్లు పంపకు, ఒకటి కోపం, ఒకటి మామూలు మాట. నీకున్న పెద్ద బలం తెలుగు. మన కృష్ణా యాస సహజంగా వస్తుంది, మామ్మ దగ్గర గుంటూరు మాటా ఉంది. వెబ్ సిరీసుల్లో సెట్లోనే గొంతు రికార్డు చేసేస్తున్నారు, అక్కడ తెలుగమ్మాయి విలువ వేరు. రోజూ పొద్దున ఒక పేజీ పైకి చదువు. వార్తాపత్రికైనా సరే, ఒత్తులు పోకుండా.

వేషం ఇచ్చేవాడు డబ్బు అడగడు. ఇది రాసి గోడకు అంటించుకో. రిజిస్ట్రేషన్ అని, ఆర్టిస్టు కార్డు అని, కో-ఆర్డినేటర్ ఫీజు అని, మా ఫోటోగ్రాఫరు దగ్గరే ఫోటోలు దిగాలని ఎవరు అడిగినా అక్కణ్ణుంచి లేచి వచ్చేయ్. ఆడిషన్ ఆఫీసులోనే, పగలే. హోటల్ గదిలో అంటే వెళ్లకు, ఎంత పెద్ద పేరు చెప్పినా సరే. వెళ్లేముందు లొకేషన్ అక్కకు పంపు. పదిమంది, ఆ పైన పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కమిటీలో ఎవరున్నారని మొదటి రోజే అడుగు, అడిగితే తప్పుగా అనుకునే కంపెనీలో పని అక్కర్లేదు.

అగ్రిమెంటులో ఎన్ని రోజులో, ఆ రోజులు దాటితే రోజుకు ఎంతో అంకెల్లో ఉండాలి. షూటింగ్ సాగితే నెలల తరబడి కంటిన్యుటీ కోసం, అంటే సీను సీనుకూ రూపం మారకూడదని, జుట్టు కత్తిరించనివ్వరు, ఇంకో వేషం ఒప్పుకోనివ్వరు. ఆ సమయానికి పైసా రాదు, అందుకే ముందు రాయించుకోవాలి. డబ్బు మూడు విడతలు: అడ్వాన్సు, షెడ్యూలు మధ్యలో, డబ్బింగుకు ముందు. డబ్బింగ్ చెప్పేశాక నీ చేతిలో ఏమీ మిగలదు, బాకీ కోసం మేనేజరు చుట్టూ తిరగాలి. పైగా ఇప్పుడు ఇంకొకరితో చెప్పించేయగలరు కాబట్టి ఎక్కువ భాగం షూటింగ్ ఆఖరి రోజు లోపే పుచ్చుకో. పది శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపన్ను, కోస్తారు, అది నీ పాన్ మీద పడిందో లేదో చూసుకో. నీ మొహం, గొంతు కంప్యూటర్‌తో మళ్లీ వాడుకునే హక్కు అని ఎక్కడైనా ఉంటే ఆ వాక్యం కొట్టేయమను. ఇన్నేళ్లు మా సంస్థకే అని రాసిన మేనేజ్‌మెంటు కాగితం మాత్రం అస్సలు ముట్టుకోవద్దు.

మొదట పేరు తెచ్చిన వేషం ఏదో అదే ముద్ర పడుతుంది, అదీ ఆలోచించుకో. గుమ్మడి గారు 1955లో 'అర్ధాంగి'లో, ఇరవై ఏడేళ్ల వయసులో, తనకంటే పెద్దవారైన నాగేశ్వరరావు గారికి తండ్రిగా వేశారు. ఎంత బాగా చేశారంటే ఇక జీవితమంతా పెద్దరికం పాత్రలే. ఆయనకు అది అన్నం పెట్టింది. అందరికీ పెట్టదు. కథానాయిక వేషాల వయసు చాలా తక్కువమ్మా, ఇది అన్యాయమే గానీ ఉన్న మాట. నిర్మలమ్మ గారిలా ముసలి వయసు దాకా వెలిగేవాళ్లు నాటకాల్లో పునాది వేసుకున్నవాళ్లే. ఆదివారాలు రవీంద్రభారతిలో నాటకం ఉంటే వెళ్లి చూడు.

డబ్బు గురించి ఇంకొక్క మాట. సావిత్రి గారంత నటి మళ్లీ పుట్టలేదు. 'సంసారం'లో నాయిక వేషం చేతిదాకా వచ్చి, కంగారు పడిందని తీసేస్తే చిన్న వేషంతో సరిపెట్టుకుంది. 1953కల్లా 'దేవదాసు' పార్వతి అయింది. అంత సంపాదన సొంత సినిమాల్లో పోయింది, పన్నుల వాళ్లు వచ్చారు, చివరకు నెలల తరబడి స్పృహ లేకుండా పడుకుని 1981లో వెళ్లిపోయింది. ఆవిడ గురించి మాట్లాడితే మీ అమ్మ ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటుంది. అదే మన గుంటూరు ఏసీ కాలేజీలో చదివిన శోభన్‌బాబు గారు వచ్చింది వచ్చినట్టు మద్రాసులో స్థలాల మీద పెట్టారు. తండ్రి వేషాలు అక్కర్లేదనుకున్న రోజున దర్జాగా మానేసి ఇంట్లో కూర్చున్నారు. ఇద్దరూ కష్టపడ్డవాళ్లే.

అందుకని అడుగుతున్నాను. రాజీనామా మెయిలు పెట్టావా? పెట్టకపోతే ఆగు, జీతం లేని సెలవు ఇస్తారేమో అడిగి చూడు. నోటీసు కాలంలో ఉంటే ఆఖరి రోజు తేదీ నాకు రాయి. ఆ రోజుతో ఆఫీసు వాళ్ల ఆరోగ్య బీమా పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు ఇవ్వరు, కాబట్టి నెల ముందే తీసుకోవాలి. పీఎఫ్ తీయకు. ఆర్నెల్ల అద్దె, తిండి ఖర్చు విడిగా ఒక ఖాతాలో ఉండాలి. ఎంత తగ్గుతుందో చెప్పు, మిగతాది నేను వేస్తాను. అప్పని అనుకోకు, మీ అమ్మతో మాట్లాడే రాస్తున్నాను. అప్పు యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు.

ఏ అగ్రిమెంటు వచ్చినా సంతకానికి ముందు అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు, వెనక పేజీతో సహా. లాయరు బాబాయికి చూపించి ఒక్కరోజులో చెప్తాను. ఒక్కరోజు కూడా ఆగం అనేవాళ్లదైతే వదిలేయ్.

మీ నాన్న