మన పందికొక్కు సిడ్నీ దాకా వచ్చింది

నాన్నా,

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. చలి తగ్గింది. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? సార్వా చేను పొట్టకొచ్చిందా?

మొన్న పొద్దున్న లేచి చూస్తే పెరట్లో గడ్డినిండా గుంటలు. గరాటు నేలకు గుచ్చి తీసినట్టు చిన్నచిన్నవి. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి చూసి, "బాండికూట్ వచ్చింది, నీ అదృష్టం" అంది. ఆ మాట చెవిన పడగానే ఏదో తెలిసిన మాటలా తోచింది. రెండుసార్లు పైకి అనుకున్నాను. నిఘంటువు తీసి చూస్తే, తెలుగు మాట నుంచి పుట్టిందని రాసి ఉంది. పందికొక్కు, నాన్నా! నువ్వు రోజూ తిట్టే మన పందికొక్కే. ఒక్కదాన్నే కూర్చుని పైకే చదువుకున్నాను.

ఇంగ్లీషువాళ్లు 1611లోనే మచిలీపట్నంలో వర్తకానికి కొఠీ పెట్టుకున్నారు కదా. మనవాళ్ల నోట విన్న "ప" వాళ్ల నోట "బ" అయింది, చివరి "కొక్కు" కూట్ అయింది. 1788లో సిడ్నీలో వలస మొదలయ్యాక, ఇక్కడి మూతి పొడుగు జంతువుకూ అదే పేరు తగిలించారు. నిజానికి ఇది ఎలుక జాతే కాదు, కంగారూ లాగా పొట్టకు సంచి ఉన్నది. ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు పిల్లల మీద మట్టి పడకుండా. కడుపుతో ఉండేది పన్నెండున్నర రోజులే. పురుగులు, వానపాములు, దుంపలు దాని తిండి. మన పందికొక్కులా వెన్నులు కొరికి కలుగులో దాచుకోదు. చిన్నప్పుడు నువ్వు గట్టు తవ్వించినప్పుడు కలుగులోంచి బయటపడ్డ ధాన్యం నాకింకా కళ్లకు కడుతుంది. ఎలుకలు పట్టే బుట్టలు పెట్టే తాత వచ్చిన రోజు నేను బడికి వెళ్లనని ఏడ్చేదాన్ని.

ఇంకో సంగతి వింటే నువ్వు మెచ్చుకుంటావు. ఇక్కడ ఈ మాటను క్రియగా కూడా వాడతారు. పైన ఆకు కదలకుండా మట్టిలోంచి బంగాళాదుంపలు కాజేయడాన్ని "బాండికూటింగ్" అంటారు. జంతువు మారినా దొంగబుద్ధి మాత్రం పేరుతోపాటే ఓడెక్కి వచ్చింది.

పక్కింటావిడ ఇన్నాళ్లూ ఇది ఇక్కడి ఆదివాసుల మాట అనుకుందట. కంగారూ వాళ్ల మాటే కాబట్టి అలా అనుకోవడంలో తప్పేం లేదు. తెలుగు అని చెబితే నాచేత పలికించుకుని తనూ పలికింది, "పందికొక్కు" అని, ఒత్తుతో సహా. పెర్త్ వైపు ఒక రకం బాండికూట్‌ను అక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజల మాటతో "క్వెండా" అంటారు. ఆ పేరు ఇంకా వాడుకలో ఉన్నందుకు సంతోషమేసింది. మన మాట ఇంత దూరం వచ్చిందని ఎంత పొంగిపోయినా, ఆ జంతువును పుట్టిన ఊరి పేరుతో పిలవడమే న్యాయం అనిపిస్తుంది నాకు.

ఇక్కడ దాన్ని చంపకూడదు, చట్టం ఒప్పుకోదు. అందుకే ఆ గుంటలు నేను పూడ్చలేదు. రాత్రి దీపం ఆర్పి కిటికీ దగ్గర కూర్చుంటే బుజ్జిది చూసింది. "అమ్మా, తాతయ్య పందికొక్కు" అని గుసగుసగా అంది. మన చేలో దాన్ని అదెప్పుడూ చూడలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు గట్టు మీద కలుగు ఒకటి చూపించు నాన్నా. అప్పటిదాకా ఒక్కటైనా తవ్వించకుండా ఉంచు.

నీ అమ్మడు