ఫోన్ ఎత్తని చిన్నికి

చిన్నీ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఈ ఉత్తరం రాయడం లేదు. పనిలో ఉంటే ఎత్తవని నాకు తెలుసు, మీ నాన్నకీ అదే చెబుతున్నా. ఆయన మాత్రం రాత్రి కంచం ముందు కూర్చున్నప్పటి నుంచి లైటు ఆపేదాకా అదే మాట. సరే, కూల్చేస్తున్న ఆ పేటవి పోయినసారి పంపావే ఫొటోలు, వాటి గురించి రాద్దామని కూర్చున్నా.

అన్నిట్లోకీ నాకు నచ్చింది ఆ కరెంటు మీటర్ల బోర్డు. పాత మేడ మెట్ల కింద ఉన్నది. మొదట్లో తీసినదాంట్లో వరసలన్నీ నిండుగా ఉన్నాయి, ఒక్కో మీటరు కింద పెయింటుతో వాటా నంబరు. తర్వాతి ఏళ్ళలో మధ్యమధ్య ఖాళీలు, తెంపేసి నల్లటేపు చుట్టిన వైర్లు. ఇప్పుడు ఒక్కటే మీటరు, పక్కన మేకుకి తగిలించిన తడి గొడుగు. అందరూ వెళ్ళిపోయినా ఆ ఒక్క వాటాలో ఇంకా ఎవరో కాపురం ఉంటున్నారు. జేసీబీ గోడ పడగొడుతుంటే ఫొటో తీసేవాళ్ళు చాలామంది ఉంటారు. అద్దె కట్టలేక ఒక్కో ఇల్లూ ఎలా ఖాళీ అయిందో నీ బోర్డులోనే కనిపించింది. ప్రతిసారీ అదే చోట నిలబడి, అదే లెన్సుతో, అదే పొద్దువేళ తీశావు కాబట్టే. ఆ పద్ధతి వదలకు.

ఆ మేడ ఇంకా ఉందా? పెద్దత్త ఏదో అంది. సగం కూల్చిన మేడ ఎక్కావట, అక్కడి సెక్యూరిటీ వాళ్ళతో గొడవపడ్డావట. ఆవిడకి ఎవరు చెప్పారో, అందులో ఎంత కలిపారో. నేనేం పట్టించుకోలేదు.

నీ వల్ల నేనూ ఈ మధ్య పాత ఫొటోగ్రాఫర్ల గురించి చదువుతున్నా. 1860లలో పారిస్‌లో పాత వీధులు పడగొట్టి పెద్ద రోడ్లు వేసినప్పుడు, పోయే వీధుల్ని ఫొటోలు తియ్యమని నగరపాలక సంస్థే షార్ల్ మార్విల్ అనే ఆయన్ని పెట్టుకుంది. కూల్చేవాళ్ళ డబ్బుతో తీసినవే అయినా, ఆ వీధులు ఎలా ఉండేవో ఇవాళ తెలిసేది వాటివల్లే. కానీ అప్పట్లో ఒక్కో ఫొటో పడడానికి చాలాసేపు పట్టేది కదా, కదిలే మనుషులు సరిగ్గా పడేవాళ్ళు కాదు. చాలా ఫొటోల్లో తడిసిన రాళ్ళూ, మూసిన తలుపులే. అక్కడ ఉండి ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు ఎవరన్నది వాటిలో లేదు. నీకు ఆ ఇబ్బంది లేదు, మనుషుల్ని తియ్యి. బిల్డర్ తరఫువాళ్ళు బ్రోచర్‌కి ఫొటోలు అడిగారన్నావు, ఏం చెప్పావో రాయలేదు. డబ్బు తీసుకోవడం తప్పని నేననను. ఎక్కడ వాడతారో కాగితం మీద రాయించుకో. ఆ పేటవాళ్ళ మొహాలు మాత్రం, వాళ్ళని అడక్కుండా, వాళ్ళని ఖాళీ చేయించి కట్టే ఫ్లాట్ల ప్రకటనకి ఇవ్వకు.

మిల్టన్ రోగోవిన్ గురించి మీ నాన్నకి ఇప్పటికే రెండుసార్లు చెప్పాను, నువ్వూ విను. అమెరికాలో బఫెలో అనే ఊళ్ళో కళ్ళు చూసి అద్దాలిచ్చే ఆయన. 1957లో, కమ్యూనిస్టు అన్న అనుమానంతో మన పార్లమెంటు లాంటి అక్కడి కాంగ్రెస్ కమిటీ ముందుకి పిలిచారు. ఆయన జవాబు చెప్పనన్నాడు. పేపర్లన్నీ రాశాయి, కళ్ళు చూపించుకోవడానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అప్పుడు గట్టిగా కెమెరా పట్టుకున్నాడు. 1972లో తన క్లినిక్ దగ్గర్లోనే ఉన్న ఒక పేదల పేటకి వెళ్ళడం మొదలుపెట్టాడు. వాళ్ళు మొదట నమ్మలేదు, ఈయన ఎవరి తరఫున వచ్చాడోనని. అయినా అడిగి, ఒప్పుకుంటేనే తీసేవాడు. ఇలా నిలబడు, అలా నవ్వు అనేవాడు కాదు, వాళ్ళకి ఎలా తోస్తే అలా నిలబడనిచ్చేవాడు. ప్రింటు వేయించి వాళ్ళ చేతికే ఇచ్చేవాడు. 1980లలో మళ్ళీ వెళ్ళి అవే కుటుంబాల్ని వెతికి తీశాడు, 1992లో మళ్ళీ, 2000 దాటాక తొంభై ఏళ్ళు పైబడ్డాక ఇంకోసారి. మొదటి ఫొటోలో అమ్మ ఒళ్ళో ఉన్నవాళ్ళు తర్వాతి ఫొటోల్లో తమ పిల్లల్ని ఎత్తుకుని ఉంటారు. కొందరు మధ్యలోనే పోయారు. ఆయన నూటొక్క ఏళ్ళు బతికి 2011లో పోయాడు.

ఇంత పొడుగ్గా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పనికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. మనిషి ఆరోగ్యంగా ఉంటేనే అవుతుంది. ఇంకోటి, ఆయన భార్య ఆన్ వెంట ఉండేది. ఒక్కడే చీకట్లో గోడలెక్కలేదు. నువ్వు వెళ్ళేటప్పుడు పక్కన ఎవరున్నారు? ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ నంబర్లు ఉన్నాయా? వాళ్ళు ఎంత దూరం పోయారో, పిల్లల బడి ఏమైందో కూడా ఆ పేట కథే. కొత్త ఇంటికి వెళ్ళి ఒక ఫొటో తీసి, పాత ఇంటి ప్రింటు ఇచ్చిరా.

క్లాసు పీకకూడదనే మొదలుపెట్టా. దుమ్ము సంగతి మాత్రం చెప్పి తీరాలి. కాంక్రీటూ ఇటుకా పగిలి లేచేది మామూలు దుమ్ము కాదు, అందులో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ అనే జబ్బు, దానికి నయమయ్యే మందు లేదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే సన్నటి పీచు కూడా ఉంటుంది, అదీ ఊపిరితిత్తులకి ప్రమాదమే. మొహానికి చున్నీ చుట్టుకుంటే అది ఆగదు. ఎన్‌95 మాస్కులు పంపుతున్నా, ముక్కు దగ్గర నొక్కి పెట్టుకో. ఆస్‌బెస్టాస్‌కి అవీ చాలవు, ఆ రేకులు పగిలే చోటికి వెళ్ళకు. ఒకవైపు గోడ తీసేసిన శ్లాబు మీద కాలు పెట్టొద్దు, ఎంత మంచి ఫొటో వచ్చినా సరే. సెక్యూరిటీవాళ్ళు అడ్డుకుంటే వాదించకు. రోడ్డు మీద నిలబడి తీసుకో. వాళ్ళు నిన్ను నిజంగా తోశారా? మోచేతికి దెబ్బ తగిలిందని కూడా అన్నారు.

హార్డ్ డిస్కు కాపీ ఒకటి ఇక్కడికి పంపు. ఒకే గదిలో రెండు కాపీలు పెట్టుకుంటే ఒకటి ఉన్నట్టే లెక్క. ప్రతి ఫొటోకీ తేదీ, చోటు, ఏ దిక్కుకి తిరిగి తీశావో రాసి పెట్టు. పారిస్‌లోనే ముప్ఫై ఏళ్ళపాటు పాత వీధులు తీసిన అట్జే అనే ఫొటోగ్రాఫర్ 1927లో పోతే, బెరెనిస్ ఆబట్ అనే అమ్మాయి పట్టుబట్టి ఆయన దగ్గర మిగిలిన ప్రింట్లూ నెగెటివ్‌లూ కొని దాచింది. 1968లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి చేరేదాకా వాటిని ఆవిడే కాపాడింది. ఆ పనితోపాటు, మారిపోతున్న న్యూయార్క్‌ని 1930లలో తనూ తీసింది. నీవి దాచడానికి మేమున్నాం. నాన్నమ్మ బీరువాలో పై అర ఖాళీ చేశా, తాళం నా దగ్గరే ఉంటుంది.

చేతికి దెబ్బ తగిలితే ఎక్స్‌రే తీయించు. తగలకపోతే తగల్లేదని ఒక్క ముక్క మెసేజ్ పెట్టు, ఫోన్ చెయ్యకపోయినా ఫరవాలేదు. మందపాటి అడుగున్న బూట్లు కూడా పార్శిల్‌లో వేస్తున్నా, మేకులు గుచ్చుకోకుండా. సైజు పాతదేనని మీ నాన్న, పెరిగిందని నేను. ఏదో రేపటిలోగా చెప్పు, షాపతను మార్చి ఇస్తానన్నాడు.

అమ్మ