బీడీ చుట్టే మనిషి పేరు పుస్తకంలో ఉండాలి

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఊళ్లలో లక్షలాది ఆడవాళ్లకు బీడీలే బతుకుతెరువు. మా ఇంట్లో అమ్మ చుట్టింది, ఇప్పుడు వదిన చుట్టుతోంది. కానీ బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు మాత్రం ఇంకా అమ్మ పేరు మీదే ఉంది. వదిన ఎన్నేళ్లు చుట్టినా కార్ఖానా లెక్కలో ఆమె లేదు. మా వాడలో చాలా ఇళ్ల కోడళ్లది ఇదే పరిస్థితి.

రాత్రి తునికాకు తడిపి గుడ్డలో చుట్టిపెడతారు. పొద్దున్నే ఆకు మీద రేకు పెట్టి కత్తెరతో కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే మెడలు వంగిపోయేదాకా లేవరు. చిటికెడు తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం, కొన మడవడం, మళ్లీ ఇంకో ఆకు. కూలీ వెయ్యి బీడీల లెక్కన. ఇచ్చిన ఆకు వెయ్యికి చాలకపోతే సొంత డబ్బుతో కొని పూడ్చాలి. అప్పజెప్పే చోట బాగాలేవని కొన్ని పక్కన పడేస్తారు. వాటికి కూలీ ఉండదు, తిరిగి చేతికీ రావు. గట్టిగా అడిగితే రేపటి ఆకు రాదేమోనని భయం. ఇల్లంతా తంబాకు దుమ్మే, పసిపిల్లలు పడుకునేదీ అక్కడే.

ఇంటి దగ్గర చుట్టేవాళ్లూ కార్మికులేనని 1966 నాటి బీడీ కార్మికుల చట్టమే చెప్పింది. ఆ చట్టాన్ని 1974లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాల్లో, అంటే లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో తెచ్చిన 177వ ఒప్పందాన్ని మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. అది కేంద్రం చేతిలో పని, ఒప్పుకుంటాను. ఎవరు చుట్టుతున్నారో రాయించడం మాత్రం మీ శాఖ చేయగలిగిన పనే.

రాయకపోతే ఏమవుతుందో పింఛన్ విషయంలోనే చూశాం. 2015లో బీడీ కార్మికులకు జీవన భృతి మొదలైనప్పుడు, 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నవాళ్లకే అన్నారు. నెలకు వెయ్యి, తర్వాత 2,016 రూపాయలు అంటే మా ఇళ్లలో చిన్న డబ్బు కాదు. అప్పటికే ఏళ్ల తరబడి చుట్టుతున్నా కార్డు లేని ఆడవాళ్లు, చేతిలో కాగితం లేక ఊరికే నిలబడ్డారు. వేళ్లు అరిగిన చేతులు చూపిస్తే ఏ ఆఫీసూ ఒప్పుకోదు కదా.

అందుకే అడుగుతున్నాను. మీ అధికారులను కార్ఖానా రిజిస్టర్ దగ్గరికి కాదు, మా ఇళ్లకు పంపండి. సాయంత్రం బీడీలు అప్పజెప్పే వేళకు వస్తే ఆకు తూకమూ, పక్కన పడేసే బీడీలూ కళ్లారా చూడొచ్చు. చుట్టే ప్రతి మనిషికీ తన పేరుతో కార్డు, పీఎఫ్ ఇప్పించండి. ఆకు ఆమె ముందే తూచాలి, తీసేసిన బీడీలు ఎన్నో ఆమె పుస్తకంలో రాసి ఇవ్వాలి. పని లేని రోజులు కూడా ఆ పుస్తకంలో ఎక్కాలి. చాలా ఊళ్లలో ఇప్పుడు నెలంతా పని దొరకడం లేదు మరి. కార్డుకు ఏ తేదీనీ అడ్డం పెట్టకండి, ఇవాళ చుట్టుతున్న ప్రతి ఒక్కరి పేరూ రాయండి.

ఇట్లు,
ఒక బీడీ కార్మికురాలి కూతురు,
జగిత్యాల జిల్లా